చందమామ చేతిలో మిగిలిన అర రోజు

ఒకప్పుడు చందమామకి "కుదరదు" అనడం చేతకాదు.

ఎవరు పిలిచినా వచ్చేవాడు. ఎవరు ఆగమన్నా ఆగేవాడు. నెల మొదటి రోజున ఇప్పటిలా దారం పోగులా కాదు, పళ్ళెమంత మొహం వేసుకుని ఆకాశం నడిమధ్య నిలబడేవాడు. "ఏం కావాలి మీకు?" అని పైనుంచి అడిగేవాడు.

చందమామ కనిపిస్తేనే కొత్త నెల. కొత్త నెల వస్తేనే పండగ. కాబట్టి జనానికి చాలానే కావలసి వచ్చేది.

"మామా, మా ఊళ్ళో దర్జీ ఇంకా చొక్కాలు కుట్టలేదు. రెండ్రోజులు ఆగు" అనేది ఒక ఊరు.

"సరే" అనేవాడు చందమామ.

"మామా, మా సేమ్యాలు ఎండిపోయాయి. ఇవాళే రా" అనేది పక్క ఊరు.

"సరే" అనేవాడు.

"మామా, మా అల్లుడు రేపు వస్తాడట. రాకపోతే ఎల్లుండి వస్తాడట. నువ్వు రేపు రా. వాడు రాకపోతే మళ్ళీ ఎల్లుండి కూడా రా" అనేది మూడో ఊరు.

చందమామ కాసేపు ఆలోచించి దానికీ "సరే" అనేవాడు.

ఇలా ఎన్ని ఊళ్ళుంటే అన్ని నెలలు నడిచాయి. ఒక ఊళ్ళో మూడో తేదీ అయితే, వాగు దాటితే ఇరవై ఏడు. పదో తేదీ సంతకి కుండలు మోసుకొచ్చినవాళ్ళకి సంతలో ఒక్క మేక తప్ప ఎవరూ కనిపించేవాళ్ళు కాదు. ఆ మేక కూడా తప్పిపోయి వచ్చిందే.

అందరికంటే అయోమయంలో పడింది సముద్రం. చందమామ నిండుగా ఉన్న రోజు అది బాగా పొంగాలి. నిండుగా ఎప్పుడుంటాడో వాడికే తెలియకపోతే ఇంకెలా పొంగేది? పొద్దున ఒకసారి పొంగి, "ఇవాళేనా?" అని అడిగి, సిగ్గుపడి వెనక్కి వెళ్ళేది.

"అమ్మా సముద్రమా, వస్తున్నావా, పోతున్నావా?" అని ఒడ్డున పీతలు కేకలు వేసేవి. "మా గుమ్మం ఎటు తవ్వుకోవాలో చెప్పు. నిన్నటి నుంచి నాలుగిళ్ళు మారాం."

సూర్యుడు మాత్రం రోజూ చెప్పిన వేళకే వచ్చి, చెప్పిన వేళకే వెళ్ళేవాడు. "నెలకోసారి మా గడపకి వచ్చి వెళ్ళాలి ఈ చందమామ. ఎప్పుడొస్తాడో చెప్పడు. నేను తలుపు తీసిపెట్టుకుని కూర్చోవాలా?" అని గొణుక్కునేవాడు.

ఆ రోజుల్లో పడమటి సముద్రం ఒడ్డున, ఉప్పుమడుల పక్కన, ఒక దూదేకుల కుటుంబం ఉండేది. తల్లి మస్తాన్‌బీ, తండ్రి దస్తగిరి, పదకొండేళ్ళ కూతురు సైదమ్మ, అయిదేళ్ళ కొడుకు మౌలాలి.

వాళ్ళది ఆ ఊరు కాదు. తూర్పున చాలా దూరంలో చింతకొండ అనే ఊరు. ఎన్ని ఆమడల దూరమో నాకు తెలియదు. తెలియనిది చెప్పకూడదు. బండి కట్టుకుని బయలుదేరితే, ఇక్కడికి చేరేలోపు ఎద్దులకి రెండుసార్లు లాడాలు కొట్టించాల్సి వచ్చిందని మాత్రం దస్తగిరి అనేవాడు.

సముద్రపు తేమకి ఇక్కడి పరుపుల్లో దూది గడ్డకట్టిపోయేది. ఏకేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అందుకే వచ్చారు. దస్తగిరి తన పెద్ద విల్లు తీసి నారి మీటితే "టంగ్, టంగ్" మని మోగేది. గడ్డకట్టిన దూది మబ్బులా లేచేది. ఇల్లంతా తెల్లగా అయిపోయేది.

మస్తాన్‌బీకి పని గురించి బెంగ లేదు. ఆమె బెంగంతా పిల్లల గురించి. చింతకొండలో ఉంటే, ఏది ఎప్పుడు ఎలా చెయ్యాలో అడగడానికి అక్క ఖాదర్‌బీ ఉండేది, వీధి నిండా అత్తలుండేవాళ్ళు. ఇక్కడ పిల్లలకి ఏది నేర్పినా తనే నేర్పాలి. తప్పు నేర్పితే సరిదిద్దేవాళ్ళు లేరు. అందుకని ఏ పనైనా ఒకటికి మూడుసార్లు సరిచూసుకునేది. పిల్లలు నిద్రపోయారో లేదో కూడా మూడుసార్లు చూసేది. రెండోసారి చూసేటప్పుడే వాళ్ళు లేచేవాళ్ళు.

ఆ ఏడు రంజాన్ నెలలో సైదమ్మ మొదటిసారి నెల పొడుగునా ఒక్కపొద్దులు ఉంది. తెల్లవారకముందే తిని, పొద్దుగుంకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఒక్కటీ వదలకుండా ఉంది.

నెల చివరికి వచ్చింది. ఆ చివర ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"రేపే పండగ" అంది ఎగువ వీధి.

"ఎల్లుండి" అంది దిగువ వీధి.

తూర్పు నుంచి వచ్చిన బండివాడు ఆగి, "మీకింకా కాలేదా? మీ చింతకొండలో పండగై నెల రోజులైంది" అన్నాడు.

మస్తాన్‌బీ చేతిలో పని వదిలేసింది. లోపలికి పరుగెత్తి గంప ముందుకి లాక్కుంది. ఏకిన దూదిని వేలెడు పొడవున చుట్టిన చుట్టలని ఏకులంటారు. రోజూ పొద్దుగుంకగానే ఆమె గంపలో ఒక ఏకు వేసేది. అదే ఆమె లెక్క. కూర్చుని లెక్కపెట్టింది. ముప్పై ఒకటి వచ్చాయి.

"ముప్పై ఒకటా? నెలకి ముప్పై ఒకటి ఎలా వస్తాయి?"

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటే.

"అమ్మా," అన్నాడు మౌలాలి తలుపు వెనక నుంచి, "పండగ తొందరగా రావాలని నేను కూడా వేశాను."

"ఎన్ని వేశావురా?"

"చాలా."

"చాలా అంటే?"

మౌలాలి వేళ్ళు చూసుకున్నాడు. "ఒకటి... మూడు" అన్నాడు.

అంటే ఒకటా, మూడా, ఒకటీ మూడూ కలిపి నాలుగా? ఎంత అడిగినా వాడికే తెలియదు.

సైదమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, రేపు ఒక్కపొద్దా, పండగా?"

మస్తాన్‌బీ ఏకులని మళ్ళీ గంపలో వేసింది. ఉండాల్సిన రోజు తినడం తప్పు. పండగ నాడు పస్తుండడమూ తప్పే. ఎటు చెప్పినా బిడ్డ చేత తప్పు చేయించినట్టవుతుందేమో.

"ఒక్కపొద్దే" అంది చివరికి, గొంతు తగ్గించి.

మర్నాడు సైదమ్మ ఎండలో ఉపవాసం ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి పెదాలు ఎండిపోయాయి. అప్పుడు ఊళ్ళో నగారా మోగింది. నగారా కొట్టే మొహిద్దీన్ తాత వీధి మొగలో నిలబడి అరిచాడు: "అందరూ వినండహో! పండగ ఇవాళ పొద్దుటి నుంచేనట! మాకూ ఇప్పుడే తెలిసింది!"

సైదమ్మ ఏడవలేదు. తల్లి వైపు చూసి, "పండగ నాడు నన్ను పస్తుంచావా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఏడ్చినా బాగుండేది.

ఆ సాయంత్రం మస్తాన్‌బీ కొంగు బిగించి ఇసుకదిబ్బ ఎక్కింది. "అన్నా!" అని పిలిచింది.

పిల్లలకి చందమామ మేనమామ అయితే, తల్లికి అన్నే కదా.

చందమామ వెంటనే వచ్చాడు. పిలిస్తే వస్తాడు, అదేగా గొడవంతా.

"చెప్పు చెల్లెమ్మా, నీకు ఏ రోజు కావాలి?"

"నాకు కావాల్సిన రోజు కాదన్నా. నిజమైన రోజు చెప్పు."

చందమామ తెల్లబోయాడు. ఇలా ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నిజమైనది అంటే... మీ ఎగువ వీధిదా, దిగువ వీధిదా?"

"నీది."

"నాదా?" చందమామ తల గోక్కున్నాడు. "నాకు ఒక రోజంటూ ఉందా? తూర్పువాళ్ళు రమ్మంటారు, వెళ్తాను. మధ్యలో ఎవరో ఆగమంటారు, ఆగుతాను. నేను ఎక్కడ మొదలయ్యానో, ఎక్కడున్నానో నాకే తెలియడం లేదు చెల్లెమ్మా. మొన్న నిండుగా ఉన్నాననుకుని సముద్రం వైపు చూసి నవ్వాను. అది పొంగి పీతల మీద పడింది. తిట్లు నాకే."

మస్తాన్‌బీకి కోపం సగం చల్లారింది. మిగిలిన సగంతో అంది: "అన్నా, పుట్టింటివాళ్ళందరినీ అక్కడే వదిలి ఇంత దూరం వచ్చాం. మాతో వచ్చినవాడివి నువ్వొక్కడివే. నా బిడ్డ రేపేమిటమ్మా అని అడిగితే నేను పైకి చూడాలి. చూస్తే నువ్వు ఎవరేం చెప్పమంటే అది చెప్తావు. ఇంక నేను ఎవర్ని అడగను?"

చందమామ మొహం చిన్నబోయింది. "ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఒకసారి ఎవరి మాటా వినకుండా నడువు. సూర్యుడి గడప దగ్గర మొదలుపెట్టి, ఆకాశం చుట్టి, మళ్ళీ అదే గడపకి రా. నేను లెక్కపెడతాను."

"ఎవరైనా పిలిస్తే?"

"చెవుల్లో దూది పెట్టుకో. మా ఇంట్లో దూదికేం కొదవ?"

ఇది కథ కాబట్టి చందమామ నిజంగానే చెవుల్లో దూది పెట్టుకున్నాడు, చెల్లెలి గొంతు ఒక్కటే వినిపించేటంత.

ఒకనాడు పొద్దుగుంకే వేళ సూర్యుడి గడప దగ్గర బయలుదేరాడు. మస్తాన్‌బీ రోజూ పొద్దుగుంకగానే గంపలో ఒక ఏకు వేసేది. ఈసారి గంప అటక మీద, మౌలాలికి అందని చోట.

ఇరవై తొమ్మిదో ఏకు వేసిన సాయంత్రం దిబ్బ మీదికి వెళ్ళింది. "వచ్చావా అన్నా?"

"ఇంకా దారిలోనే ఉన్నా!" అన్నాడు చందమామ ఎక్కడి నుంచో.

మర్నాడు తెల్లవారుతుండగా, పొడుస్తున్న సూర్యుడి పక్క నుంచి మాట వినిపించింది. "వచ్చేశా చెల్లెమ్మా! గడప తొక్కా!"

మస్తాన్‌బీ కొత్త ఏకు ఒకటి తీసుకుని కాసేపు చూసింది. పూర్తి రోజు కాలేదు. రాత్రే అయింది, పగలు కాలేదు. ఏకుని మధ్యకి తుంచి సగమే వేసింది.

"ఇరవై తొమ్మిదీ అర" అంది.

"అరేమిటే?" అన్నాడు దస్తగిరి. "అర పరుపు కుట్టించుకునేవాడున్నాడా? మళ్ళీ లెక్కపెట్టు."

ఆమెకీ నమ్మకం కుదరలేదు. చందమామని ఇంకో చుట్టు నడవమంది. తెల్లవారుజామున మొదలుపెట్టినవాడు ఈసారి పొద్దుగుంకే వేళకి వచ్చాడు. మళ్ళీ ఇరవై తొమ్మిదీ అర. గంప గుమ్మరించి, సైదమ్మ రెండు సగాలనీ కలిపి చుట్టింది. రెండు చుట్లకీ కలిపి యాభై తొమ్మిది ఏకులు.

"అన్నా," అంది మస్తాన్‌బీ, "నీ నడక ఇరవై తొమ్మిదీ కాదు, ముప్పైయీ కాదు."

"ఈ అర రోజుని ఏం చేసుకోను చెల్లెమ్మా?" అన్నాడు చందమామ దిగులుగా. "దీన్ని ఏ ఊరూ తీసుకోదు. అర రోజు పండగ ఎవరు చేసుకుంటారు? పైగా నేను ఒకోసారి చురుగ్గా నడుస్తాను, ఒకోసారి మెల్లిగా. నెల విడిచి నెల ఒక రోజు కలుపుతానని మాట కూడా ఇవ్వలేను."

మస్తాన్‌బీ ఏకులన్నీ మళ్ళీ మూడుసార్లు లెక్కపెట్టింది. ఆమె ఎప్పుడూ అంతే.

"దాన్ని నీ చేతిలోనే ఉంచుకో" అంది చివరికి. "మేం ఇరవై తొమ్మిదో సాయంత్రం పైకి చూస్తాం. నువ్వు కనిపిస్తే కొత్త నెల. కనిపించకపోతే ముప్పై నింపుకుంటాం. కనిపించావని చూసినవాళ్ళే చెప్పాలి. నువ్వు మాత్రం ఎవరు పిలిచినా ఆగకు, తొందరపడకు."

చందమామ గతుక్కుమన్నాడు. "అదే కదా నాకు చేతకానిది! ఎవరైనా నా మొహం చూసి మామా అంటే, నాకు తెలియకుండానే సరే అనేస్తాను."

"అయితే మొహం చూపించకు మామా" అంది సైదమ్మ.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"సూర్యుడి గడప దాటగానే మొహం సూర్యుడి వైపే తిప్పి నడువు. మాకు నీ చెంప అంచు ఒక్కటే కనిపిస్తుంది. చాలు, అది చూసి నువ్వు వచ్చావని తెలుసుకుంటాం. మేం ఏదైనా అడిగేలోపు కిందకి దిగి వెళ్ళిపో."

చందమామ ఎంత సంతోషపడ్డాడంటే, సముద్రం పొరపాటున ఇంకోసారి పొంగింది.

మళ్ళీ రంజాన్ వచ్చింది. సైదమ్మకి పన్నెండేళ్ళు. ఈసారీ అన్ని ఒక్కపొద్దులూ ఉంది. ఇరవై తొమ్మిదో సాయంత్రం ఊరంతా ఇసుకదిబ్బ ఎక్కింది. పోగంత నెలవంక కోసం ఊరంతా కలిసి చూడడం అదే మొదటిసారి. చాలామందికి ఎక్కడ చూడాలో కూడా సరిగ్గా తెలియదు. ఒకడు నెత్తి మీదికి చూస్తున్నాడు. ఒకావిడ తూర్పుకి తిరిగి నిలబడింది.

మస్తాన్‌బీ కూతురి మొహంలోకి చూసింది. ఈసారి కూడా బిడ్డకి తప్పు చెప్తే?

పొద్దు గుంకింది. ఆకాశం ఎర్రబడింది.

"అదిగో!" అని అరిచాడు మొహిద్దీన్ తాత. "అదిగో, పడమట! నెలవంక!"

నిజమే. ఎర్రటి ఆకాశం మీద, ఉప్పు కొట్టం పైన, తెల్లగా, వంపుగా, స్పష్టంగా ఉంది. ధన్ ధన్ ధన్‌మని నగారా మోగింది. జనం ఒకరినొకరు కావలించుకున్నారు. మౌలాలి జేబులోంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నాడు.

"అమ్మా," అంది సైదమ్మ, "దాని కడుపు పైకుంది."

"ఏమిటే?"

"మామ సూర్యుడి వైపు మొహం తిప్పుతానన్నాడు కదా. సూర్యుడు కింద గుంకాడు. వెలిగే కడుపు కిందవైపు ఉండాలి, కొమ్ములు పైకుండాలి. ఇది బోర్లాపడి ఉంది."

మస్తాన్‌బీ మళ్ళీ చూసింది. అనుమానం వచ్చింది. పక్కకి తిరిగి, "ఏమయ్యా, నీ విల్లు ఎక్కడ పెట్టావు?" అంది.

దస్తగిరి నాలుక కరుచుకున్నాడు. "నారి తేమెక్కిందని... ఉప్పు కొట్టం కప్పు మీద ఆరబెట్టా. దూది కూడా దులపలేదు."

ఊరు ఊరంతా దూదేకే విల్లుకి పండగ చేస్తోందన్నమాట!

నగారా ఆగిపోయింది. "నా కళ్ళకేం తెలుసయ్యా," అన్నాడు మొహిద్దీన్ తాత, "కొట్టం మీద చందమామని ఆరేస్తావని!" జనం పడీ పడీ నవ్వారు. నవ్వి, అంతలోనే కంగారు పడ్డారు. అది కాకపోతే మరి అసలుది ఏది? ఉందా, లేదా?

అందరూ మళ్ళీ వెతికారు. ఎర్రదనం తగ్గుతోంది. మస్తాన్‌బీ సైదమ్మ భుజం గట్టిగా పట్టుకుంది.

"అమ్మా," అంది సైదమ్మ మెల్లిగా. "కనిపించింది."

ఆ పిల్ల గట్టిగా అరవలేదు. సరిగ్గా అప్పుడే, దిబ్బకి అవతల చివర నిలబడ్డ ఉప్పుమడుల బీబమ్మ కూడా చెయ్యెత్తింది.

తాత ఈసారి నగారా జోలికి పోలేదు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి, చెవిలో చెప్పమన్నాడు. ఎక్కడ? ఎంత ఎత్తులో? కొమ్ములు ఎటు?

"సూర్యుడు గుంకిన చోటికి కొంచెం ఎడమగా. నీళ్ళకి జానెడు పైన. కొమ్ములు పైకి. దారం పోగంత" అంది సైదమ్మ.

"సూర్యుడు గుంకిన చోటికి ఎడమ పక్కన. నీళ్ళకి జానెడెత్తు. కొమ్ములు పైకి. వెంట్రుకంత" అంది బీబమ్మ.

తాత తలెత్తి చూసేసరికి అక్కడ ఏమీ లేదు. నెలవంక నీళ్ళలోకి దిగిపోయింది. ఏమీ అడగడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు.

మస్తాన్‌బీ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నిజంగా చూశావా? చూశానని అనుకోవడం కాదు కదా?"

"చూశానమ్మా."

"నాకు కనిపించలేదే!"

"నాకు కనిపించింది."

మస్తాన్‌బీ ఆ మొహంలోకి చూసింది. ఒకటికి మూడుసార్లు అడిగే మనిషి మూడోసారి అడగలేదు. లేచి నిలబడి, "తాతా, మా సైద చూసిందంటే చూసినట్టే. నగారా కొట్టు" అంది.

మర్నాడు పండగ. సైదమ్మ అందరికంటే ముందు లేచి, అందరికంటే ముందు సేమ్యాలు తింది.

సాయంత్రం మస్తాన్‌బీ ఒక్కతే దిబ్బ ఎక్కింది. చందమామ ఇవాళ కొంచెం లావుగా, కొంచెం ఎత్తుగా ఉన్నాడు.

"అన్నా, నిన్న నాకెందుకు కనిపించలేదు?"

చందమామ మొహం తిప్పకుండానే నవ్వాడు. "నువ్వు ఆకాశం వైపు చూస్తే కదా చెల్లెమ్మా. ఎంతసేపూ నీ కూతురి మొహంలోకే చూస్తున్నావు."

మస్తాన్‌బీ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి కంగారు పడింది. "మరి మా అక్కవాళ్ళకి చింతకొండలో కనిపించావా?"

"నిన్న కనిపించలేదు. సూర్యుడి గడప దగ్గర వెలుగెక్కువ. కనీసం పదడుగులు దూరం వస్తే గానీ నా చెంప ఎవరికీ కనిపించదు. చింతకొండలో పొద్దు ముందు గుంకుతుంది. అప్పటికి తొమ్మిదిన్నర అడుగులే వేశాను. ఇక్కడ పొద్దు గుంకేసరికి పదో అడుగు పడింది. మీ అక్క ఇవాళ చూసింది. ముప్పై నింపి, రేపు పండగ చేసుకుంటుంది."

"అయితే ఎవరిది తప్పు?"

"ఇద్దరూ ఉన్నచోట నిలబడి చూశారు. చూసినదే చెప్పారు. ఇందులో తప్పెక్కడుంది?" అని, ఆమె ఇంకో ప్రశ్న అడిగేలోపు చందమామ నీళ్ళలోకి దిగిపోయాడు.

మస్తాన్‌బీ ఇంటికి వెళ్ళి, సేమ్యాల గిన్నెలో కొంచెం మిగిల్చి మూత పెట్టింది. మర్నాడు అక్క తినే వేళకి తనూ తినొచ్చని.

అప్పటినుంచే నెలవంక నెల మొదట్లో పడమట, పొద్దు గుంకిన చోటే, పోగంత సన్నగా వచ్చి, కొమ్ములు పైకెత్తి, మనం ఏదైనా అడిగేలోపే వెళ్ళిపోతుంది. తర్వాత రోజురోజుకీ చందమామ తనని తాను మరిచిపోయి మొహం మనవైపు తిప్పుతూ ఉంటాడు. అర రోజు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అందుకే ఒక నెలకి ఇరవై తొమ్మిది రోజులు, ఒక నెలకి ముప్పై. అందుకే ఒక ఊరికి ఇవాళ కనిపించినవాడు ఇంకో ఊరికి రేపు కనిపిస్తాడు. అందుకే ఆ సాయంత్రం పెద్దవాళ్ళు మిద్దెల మీదికెక్కి, దూరాన ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి, "మాకింకా లేదు, మీకు కనిపించిందా?" అని అడుగుతూ ఉంటారు. వాళ్ళు అడుగుతుండగానే, పక్కన నిలబడ్డ పిల్లలు ముందుగా చూసేస్తారు.